కల్లుకాటా

మందుల షాపు నాది. మందబుద్ధీ నాదే. రెండూ ఒకే కప్పు కింద పెట్టుకుని ఇన్నేళ్ళు బతికాను. షాపుకి బోర్డు ఉంది కాబట్టి దాని సంగతి అందరికీ తెలుసు. రెండోదానికి బోర్డు పెట్టే ధైర్యం ఇప్పటిదాకా లేకపోయింది.

ఒక బరువు మోస్తున్నాను. డెబ్బైల చివరినుంచీ. జీవితమంతా ఇతరుల బరువులు తూచిన మనిషికి నేను చేసిన అన్యాయం అది. అదెంత ఉంటుందో కచ్చితంగా చెప్పగలిగినవాడు మా ప్రాంతంలో అతనొక్కడే. అతన్నే కాటా దగ్గరనుంచి తరిమేశాం. కనక నా బరువు తూకం లేకుండానే ఉండిపోయింది.

మీకెందుకు చెబుతున్నాను? మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు కాబట్టి. మా ఊళ్ళో ఎవరికైనా చెబితే ముందు నవ్వుతారు. నేను నోరు తెరవగానే నవ్వడం వాళ్ళకి అలవాటు. ఆ అలవాటు చేసింది నేనే. మీరు నవ్వరని ఆశ. పేర్లు మార్చాను. ఊరు రామచంద్రపురానికి పక్కనే ఎక్కడో అనుకోండి, చాలు. కల్లుకాటా అనే మాటని మాత్రం మార్చలేకపోయాను. మారిస్తే ఒప్పుకోవడానికేమీ మిగలదు.

మా ఊరి వర్తక సంఘానికి ఒక ధర్మకాటా ఉండేది. ధాన్యం బళ్ళూ, కొబ్బరికాయల బళ్ళూ, తర్వాత తర్వాత లారీలూ దాని ఇనప దిమ్మ మీదికి ఎక్కేవి. పక్కన చిన్న గది. గదిలో పొడుగాటి కడ్డీ. కడ్డీ మీద గుండు జరిపి, ముల్లు మధ్యలో నిలిచేదాకా ఆగి, కిటికీలోంచి తూకాన్ని పాటలా పైకి చెప్పేవాడు వీర్రాజు. కొనేవాడిది ఒక నోరు, అమ్మేవాడిది ఒక నోరు. మధ్యలో వీర్రాజు చెప్పాడంటే ఆ రెండు నోళ్ళూ మూతపడేవి. దాన్ని ధర్మకాటా అన్నది ఇనుమును చూసి కాదు, అతన్ని చూసి. నేను ఆ సంఘానికి సెక్రటరీని. కాటాకి ఎదురుగానే నా షాపు.

వీర్రాజుకి చిన్నప్పటినుంచీ మూర్ఛ. ఆ సంగతి ఊళ్ళో ఇద్దరికే తెలుసు, అతని భార్యకీ నాకూ. రాజమండ్రిలో ఒక పెద్ద డాక్టరు గారు రాసిచ్చిన ఫెనిటాయిన్ బిళ్ళలు రోజూ వేసుకుంటున్నాడు. ఏళ్ళ తరబడి మూర్ఛ రాలేదు. అయినా మూర్ఛ మనిషని తెలిస్తే ఎడ్ల మధ్య, లారీల మధ్య ఎవరు పనిలో ఉంచుతారు? అందుకని పొట్లం ఎవరికీ కనబడకుండా ఇవ్వమని బతిమాలేవాడు. అలాగే ఇచ్చేవాణ్ణి. నా మంచితనానికి అదొక ఉదాహరణ. రెండోది గుర్తుకు రావడం లేదు.

ఒక ఏడాది అతనికి దగ్గు పట్టుకుంది. పట్టుకున్నది వదల్లేదు. సర్కారు ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి క్షయ అన్నారు. ఇంజక్షన్లూ, ఐ.ఎన్.హెచ్. అనే బిళ్ళలూ మొదలుపెట్టారు. అక్కడి డాక్టరుకి మూర్ఛ సంగతి వీర్రాజు చెప్పలేదు. ఆ ఆసుపత్రి కాంపౌండరుది మా ఊరే మరి. రాజమండ్రి డాక్టరు గారికి క్షయ సంగతి తెలియదు. ఆయన దగ్గరికి వెళ్ళేదే ఏడాదికోసారి. ఆసుపత్రిలో బిళ్ళలు అయిపోయినప్పుడల్లా వీర్రాజు వాటిక్కూడా నా దగ్గరికే వచ్చేవాడు. అంటే ఒక మందు రాసినవారికి రెండో మందు తెలియదు. రెండు చీట్లూ కలిసిన చోటు భూమ్మీద ఒక్కటే. నా కౌంటరు.

కలిశాయి. నేను చూడలేదు.

కొన్ని వారాలకి వీర్రాజు షాపుకొచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు. కొత్త బిళ్ళలు మొదలుపెట్టిన కొన్నాళ్ళనుంచీ తల తిరుగుతోందట. నడుస్తుంటే కాళ్ళ కింద నేల పడవలా ఊగుతోందట. ఒక్కోసారి కాటా ముల్లు రెండుగా కనబడుతోందట. పాత బిళ్ళకీ కొత్త బిళ్ళకీ పడటం లేదేమో అన్నాడు. నేనేం చేశానో తెలుసా? వెనక అల్మారా చూపించాను. ఈ రెండు బిళ్ళలూ ఎన్నాళ్ళనుంచో ఒకే అరలో పక్కపక్కనే కాపరం చేస్తున్నాయి, ఎప్పుడైనా కొట్టుకోవడం చూశావా అన్నాను. అతను నవ్వాడు. నేనూ నవ్వాను. బేరం అయిపోయింది.

మందబుద్ధి అంటే ఇదే. అల్మారాలో కొట్టుకోనివి కడుపులోకి వెళ్ళాక కొట్టుకోవచ్చని తట్టలేదు. తట్టకపోవడం తప్పా? కాదేమో. మరి అడగకపోవడం? ఏ డాక్టరుకో ఒక కార్డు ముక్క రాయకపోవడం? ఒక చమత్కారం దొరికిందంటే చాలు, ఇక నేను విచారించాల్సిందేమీ ఉండదు, సమస్యకి సమాధానం దొరికినట్టే నాకనిపిస్తుంది, ఎదుటివాడు నవ్వాడు కదా, నవ్వినవాడికి నొప్పి ఉంటుందా అనుకుంటాను. అదీ నా జబ్బు. దానికి నా షాపులో మందు లేదు.

ఇంతవరకూ మూర్ఖత్వం. మూర్ఖత్వాన్ని ఒప్పుకోవడం తేలిక. అందులో కాస్త గొప్ప కూడా ఉంటుంది. ఇక ముందు చెప్పబోయేదాంట్లో అది కూడా లేదు.

దాళ్వా, అంటే రెండో పంట, కోతల రోజులు. మిట్టమధ్యాహ్నం. కాటా ముందు బళ్ళు బారులు తీరి ఉన్నాయి. ఒక రైతు బండికి వీర్రాజు చెప్పిన తూకం, ఆ రైతు ఇంటి దగ్గర వేసుకొచ్చిన లెక్క కంటే బాగా తక్కువొచ్చింది. మళ్ళీ తూస్తే ఇంకో అంకె. మళ్ళీ తూస్తే మరొకటి. గొడవ మొదలైంది. వీర్రాజు గదిలోంచి బయటికి రాబోయి గడప దగ్గర తూలాడు. ఎదురుగా ఉన్న బండి నొగ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. మాట ముద్దముద్దగా వస్తోంది. కనుగుడ్లు ఒకచోట నిలవడం లేదు. తాగొచ్చాడ్రోయ్ అని ఎవరో అరిచారు. మా సంఘం ప్రెసిడెంటు గారు, రైస్ మిల్లు యజమాని, అటే వెళుతూ కారాపించి దిగారు. నేను షాపులోంచి రోడ్డు దాటి వెళ్ళాను.

ఆ తర్వాత జరిగిన మాటలు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. మరిచిపోవాలని చాలా కష్టపడ్డాను. కష్టపడినకొద్దీ కంఠస్థమయ్యాయి.

"ఏంట్రా వీర్రాజూ, ఏంటీ అవతారం?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"మందు వల్లేనండి," అన్నాడు వీర్రాజు.

గుంపు గొల్లున నవ్వింది.

"ఆ ముక్క నువ్వు చెప్పాలేంట్రా? మా ఎడ్లక్కూడా తెలిసిపోయింది," అన్నాడు రైతు.

"ఆ మందు కాదండి బాబూ! బిళ్ళలండి..." అంటూ ఆగిపోయాడు. ఏ బిళ్ళలో చెప్పలేడు. చెబితే పని పోతుంది. చెప్పకపోయినా పోయేలా ఉంది. ఆ నిలవని కళ్ళతోనే గుంపులో వెతికి నన్ను పట్టుకున్నాడు. "సెక్రటరీ గారికి తెలుసండి. ఆయన్నడగండి."

అందరూ నావైపు తిరిగారు.

"నాకెందుకు తెలీదయ్యా?" అన్నాను. "మా షాపు మందు పడుకున్నవాణ్ణి లేపి నిలబెడుతుంది. నిలబడ్డవాణ్ణి పడుకోబెట్టే మందు కాలవగట్టు పాకలో దొరుకుతుంది. తూచేవాడే తూలుతుంటే ఇదింక ధర్మకాటా ఏంటండీ ప్రెసిడెంటు గారూ, కల్లుకాటా!"

ఎంత నవ్వారనుకున్నారు! ఎడ్లు బెదిరాయి. ప్రెసిడెంటు గారు కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. ఆ రైతు తన తూకం సంగతి మరిచిపోయి పక్కవాడి వీపు మీద చరిచాడు. వీర్రాజు కూడా నవ్వాడు. అవును, అతను కూడా. పెద్దలు నవ్వుతుంటే ముఖం ముడుచుకుని నిలబడటం మర్యాద కాదని పెరిగినవాడు. నవ్వి, "ఆయ్," అన్నాడు.

మా వైపు మాట అది. విన్నానండి, మీరన్నాక కాదంటానా అండి, మీ దయండి, ఇన్ని అర్థాలు ఆ ఒక్క అక్షరంలో ఇమిడిపోతాయి. దాన్ని మర్యాద అని మేం గొప్పగా చెప్పుకుంటాం. ఆ రోజు దాని ఇంకో అర్థం విన్నాను. నా పేరు మీ ఇష్టమండి, ఏం చేసుకుంటారో చేసుకోండి.

ఇప్పుడు దాచింది చెబుతాను. ఆ మాట అన్నప్పుడు నాకు తెలుసు.

అనుమానం కాదు. తెలుసు. నేను అతనికి జానెడు దూరంలో నిలబడ్డాను. అతని నోటినుంచి వచ్చింది కల్లు వాసన కాదు, దగ్గుకోసం తాగిన మిరియాల కషాయం వాసన. ముల్లు రెండుగా కనబడుతోందని నా కౌంటరు మీద చేతులు ఆనించి చెప్పింది ఆ క్షణంలోనే గుర్తొచ్చింది. గుర్తొచ్చాకే నోరు తెరిచాను. ఎందుకు? ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు వేసుకున్నాను. ప్రతిసారీ ఒక కొత్త జవాబు తయారుచేసుకున్నాను. మా షాపు మందు మనుషుల్ని పడగొడుతుందని పేరొస్తుందని భయపడ్డానా? కొంత. అతని మూర్ఛ సంగతి బయటపడకుండా కాపాడానా? ఈ జవాబుని చాలాకాలం ముద్దు చేశాను, నిద్ర కూడా పట్టించింది. కానీ ఒంట్లో బాగాలేదండి, ఇంటికి పంపండి అని ఉంటే ఏ రహస్యం బయటపడేది? ఆ మాటకి మూడు క్షణాలు కూడా పట్టేవి కావు. అది కూడా నోటి చివరే ఉంది.

అసలు సంగతి ఇంకా నీచం. మాట కుదిరింది. తూచడం, తూలడం. ధర్మకాటా, కల్లుకాటా. అలా కుదిరిన మాట నోట్లోకి వచ్చాక దాన్ని బయటికి వదలకుండా ఉండటం నాకు చేతకాదు. ఒక ప్రాస కోసం ఒక మనిషిని ఖర్చుపెట్టాను. ఆ క్షణంలో నా నాలిక మీద ఊరిన తీపి నాకింకా గుర్తుంది. ఇప్పుడు తలుచుకుంటే సరిగ్గా అదే చోట పుల్లగా, కక్కొచ్చేట్టు ఊరుతుంది. పొద్దున్న నాలిక గీసుకుంటూ అద్దంలో దాన్ని చూస్తే ఏదో పాకే పురుగుని చూసినట్టు ఒళ్ళు జలదరిస్తుంది. ఎంత గీసినా పోయేది పాచి మాత్రమే.

ఆ సాయంత్రమే వీర్రాజు దగ్గర కాటా గది తాళంచెవి తీసుకున్నారు. సంఘం తాళాలు సెక్రటరీ దగ్గర ఉండాలని నియమం. తెచ్చి నా చేతిలోనే పెట్టారు.

రెండు రోజుల తర్వాత బిళ్ళలకి అతని భార్య వచ్చింది. మా వైపు షాపులోంచి వెళ్ళేటప్పుడు ఎంతటివాళ్ళైనా వస్తానండి అని వెళతారు. ఎన్నో ఏళ్ళుగా ఆవిడా అనేది. ఆ రోజు పొట్లం తీసుకుని, కొంగున ముడేసుకుని, మాట్లాడకుండా మెట్లు దిగిపోయింది. ఆ రాని మాట నన్ను షాపులో కూర్చోనివ్వలేదు. సరుకు తెచ్చుకునే నెపంతో రాజమండ్రి వెళ్ళి డాక్టరు గారి గది ముందు నిలబడ్డాను.

ఆయన విని తల పట్టుకున్నారు. తర్వాత చెప్పింది నాకర్థమైనట్టు చెబుతాను. మింగిన మందు ఒంట్లోనే ఉండిపోదు. లివరు దాన్ని కొంచెం కొంచెంగా విరగ్గొట్టి బయటికి పంపేస్తుంటుంది. అందుకే రోజూ వేసుకోవాల్సొస్తుంది. వచ్చేదీ పోయేదీ సరిపోతున్నంతకాలం మనిషి బాగుంటాడు. వీర్రాజుకిచ్చిన క్షయ బిళ్ళ లివరు చేసే ఆ పనికి అడ్డం పడుతుంది. అందరిలో ఒకేలా కాదు, కొందరిలో మరీ ఎక్కువ. అప్పుడు మూర్ఛ బిళ్ళకి పోయే దారి ఉండదు. రోజూ వేసుకునే మోతాదే రోజురోజుకీ రక్తంలో పేరుకుంటుంది. అది ఎక్కువైతే కాళ్ళు తూలతాయి, మాట ముద్దవుతుంది, కళ్ళు అదురుతాయి, ఒకటి రెండుగా కనబడుతుంది. చూసేవాళ్ళకి అచ్చం తాగినవాడే.

డెల్టాలో పుట్టినవాణ్ణి, ఇది నాకు ఎవరైనా చెప్పాలా? మురుగు కాలవకి గుర్రపుడెక్క పట్టేస్తే ఏమవుతుంది? పైనుంచి ఒక్క చుక్క నీరు ఎక్కువ రాదు. పోయే దారి మూసుకుపోతుంది, అంతే. చేను మునుగుతుంది. మునిగిన చేనుని తాగుబోతు అని ఎవరూ అనరు.

డాక్టరు గారు మూర్ఛ బిళ్ళ మోతాదు తగ్గించి రాశారు. క్షయ మందు పూర్తయ్యాక దాన్ని మళ్ళీ సరిచెయ్యాలి, అప్పుడు తీసుకురా అన్నారు. నేను లేచేముందు, రెండూ నీ చేత్తోనే ఇచ్చావు కదయ్యా అన్నారు మెల్లగా. అవునండి అన్నాను. మొదటిసారి ఏ చమత్కారమూ దొరకలేదు.

చీటీ తెచ్చి వీర్రాజుకిచ్చాను. డాక్టరు గారన్నదంతా విడమరిచి చెప్పాను. ఆ మాత్రం చేశాను. కొన్ని వారాలకి అతని కాళ్ళు కుదుటపడ్డాయి. ఒక పొద్దున్న మా షాపు ముందు రోడ్డు అంచున, కొత్తగా నడక నేర్చిన పిల్లాడిలా, ఒక గీత మీద నడిచినట్టు అటూ ఇటూ నడిచి చూపించాడు. మీ దయ వల్ల నిలబడ్డానండి అన్నాడు. అతని వెనకే, రోడ్డుకి ఆ పక్కన, కాటా. దాని ముందు జనం. ప్రెసిడెంటు గారు కుర్చీ వేయించుకుని కూర్చుని ఉన్నారు. నేను చెయ్యాల్సిందల్లా అతని భుజం మీద చెయ్యేసి రోడ్డు దాటడం. అంత చిన్న రోడ్డు. రోజుకి పదిసార్లు దాటేవాణ్ణి.

దాటలేదు.

జరిగింది వినండి, ఇక్కడ నాకు మరీ రోత. వీర్రాజు నిలబడటమే అతని మీద సాక్ష్యమైంది. చూశారా, మానేశాడు అన్నారు అందరూ. మానెయ్యాలంటే ముందు తాగుతూ ఉండాలి కదా! కోలుకోవడంతో నేరం రుజువైపోయింది. అంతటితో ఆగలేదు. నా మాటకి సిగ్గుపడి మానేశాడన్నారు. సంఘం మీటింగులో ప్రెసిడెంటు గారు లేచి, తాగుడు మాన్పించడానికి ఉపన్యాసాలెందుకు, మా సెక్రటరీ గారి ఒక్క మాట చాలు అన్నారు. చప్పట్లు కొట్టారు. నేను లేచి చేతులు జోడించాను. వినయంగా, తల కొంచెం పక్కకి వంచి. ఆ వంపు నాకిప్పటికీ కనబడుతూనే ఉంటుంది. కుడితి తాగడానికి వంగిన గొడ్డు నాకంటే నయం. దానికి ఆకలి ఉంది.

పని మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఇవాళ మానేశాడు సరే, రేపు మళ్ళీ మొదలెడితే అన్నారు. కాటా గదిలో ప్రెసిడెంటు గారి బావమరిది కూర్చున్నాడు.

ఆలోచిస్తే నా స్థానం ఏమిటో నాకు తెలిసింది. విషం నేను కాదు. నింద అనేది ఊరి నోళ్ళలో రోజూ పుడుతూనే ఉంటుంది, నిజం తెలిసినవాడు ఒక మాట చెబితే కొట్టుకుపోతూ ఉంటుంది. వీర్రాజు మీద పడ్డ నింద పోవడానికి ఉన్న దారి ఒక్కటే, నా నోరు. దానికి నేనే గుర్రపుడెక్కలా పట్టాను. అతని ఒంట్లో అడ్డం పడ్డ బిళ్ళని డాక్టరు గారు కనిపెట్టారు. ఊళ్ళో అడ్డం పడ్డ బిళ్ళని ఎవరూ కనిపెట్టలేదు. తెల్లగా, గుండ్రంగా, అందరికీ ఇష్టమైనవాడిలా తిరిగాను.

మాట కూడా పోలేదు. పోవడం అటుంచి, స్థిరపడింది. ముందు కుర్రాళ్ళు అన్నారు, తర్వాత బళ్ళవాళ్ళు, తర్వాత రిక్షావాళ్ళు. ఏడాది తిరిగేసరికి బస్సు కండక్టరు తలుపు మీద కొడుతూ కల్లుకాటా, కల్లుకాటా, దిగేవాళ్ళు రండి అని కేకేస్తున్నాడు. ధర్మకాటా అంటే చిన్నపిల్లలకి తెలియదు. కవులు తమ మాట నిలవాలని కోరుకుంటారట. నా మాట నిలిచింది, బస్సుతో సహా. ఆ కేక విని విని కాబోలు, వీర్రాజు భార్యని తీసుకుని ఊరొదిలి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు క్షయ మందు పూర్తి చేశాడు, నేను చెప్పినట్టే రాజమండ్రి వెళ్ళి పాత మోతాదు రాయించుకున్నాడు. నేను చెప్పినవన్నీ చేసేవాడు.

కొన్నేళ్ళకి ఒక పెళ్ళికి పాలకొల్లు వెళ్ళాను. బజారులో నడుస్తుంటే ఒక గొంతు వినబడింది. తూకాన్ని పాటలా చెప్పే గొంతు. గోనె పరిచి, కందా చేమదుంపలూ పోసుకుని, చేత్తో తక్కెడ పట్టుకుని కూర్చున్నాడు వీర్రాజు. మనిషి కాస్త ఒళ్ళు చేశాడు. ఎవరికో తూస్తున్నాడు. ముల్లు నిలిచేదాకా ఆగాడు. పక్కనున్నవాళ్ళు తొందరపెడుతున్నా ఆగాడు. నన్ను చూసి గబుక్కున లేచాడు.

"ఆయ్, బాగున్నారాండి? షాపు ఇంకా కల్లుకాటా దగ్గరేనాండి?"

ఎత్తిపొడుపు ఉందేమోనని అతని ముఖంలో వెతికాను. ఉంటే ప్రాణం తేలికపడేది. లేదు. అందరూ అంటున్న మాటే అతనూ అన్నాడు. తన పేరు మీద వేసిన ముద్రని ఊరి గుర్తుగా వాడుకుంటున్నాడు, నాకు సులువుగా అర్థమవాలని. అవును, అక్కడే అన్నాను. నాచేత ఒక కంద దుంప ఏరించి, తూచి, కాస్త మొగ్గుగానే ఇచ్చాడు. ఇంటికి తెచ్చాక దాన్ని వండించుకుని తిన్నాను. కందకి లేని దురద కత్తిపీటకెందుకంటారు. నిజమే. కంద తన మానాన తాను బతుకుతోంది. కత్తిపీట మాత్రం ఈనాటికీ గోక్కుంటోంది.

కిందటేడు వయసు పైబడిందని సెక్రటరీ పని వదిలేశాను. సంఘం వాళ్ళు హాల్లో సన్మానం పెట్టారు. శాలువా కప్పారు. ప్రెసిడెంటు గారు మైకు పుచ్చుకుని నా చమత్కారాలన్నీ ఏకరువు పెట్టి, చివరికి మైకు నా చేతికిస్తూ, ఆ కల్లుకాటా ముచ్చట మీ నోటితోనే ఒక్కసారి వినిపించండి అన్నారు.

అప్పుడు చెప్పాను. "అతను తాగలేదండి. ఆ మందు మా షాపుదే."

హాలు బద్దలయ్యేలా నవ్వారు.

నిజం చెబితే నవ్వారు! అబద్ధం చెప్పినప్పుడు కూడా సరిగ్గా ఇలాగే నవ్వారు. చూశారా, పదును ఏమాత్రం తగ్గలేదు అని ప్రెసిడెంటు గారు తొడ చరుచుకున్నారు. ఇంకేం చెప్పను? మూర్ఛ సంగతి చెప్పకుండా రెండు బిళ్ళల కథ చెప్పలేను. పాలకొల్లులో అతను దాన్ని ఇంకా దాచుకుంటూనే ఉన్నాడేమో. ఒకప్పుడు సాకుగా వాడుకున్న కారణమే ఈసారి నిజమై నా నోటికి అడ్డం నిలబడింది. అలవాటు కొద్దీ నాలిక మీదికి రెండు మూడు మాటలు వచ్చాయి, మంచివే, బాగా పేలేవే. వాటిలో ఏదొకటి వదిలితే చాలు, నవ్వు తీయగా ముగిసి, అందరూ టిఫిన్లకి లేచేవాళ్ళు.

వదల్లేదు. నవ్వలేదు కూడా. మైకు పట్టుకుని, వాళ్ళ ముఖాల్లోకి చూస్తూ అలా నిలబడ్డాను. వాళ్ళు మిగతా ముక్క కోసం ఎదురుచూశారు. ఇవ్వలేదు. ముందు వరసల నవ్వు ఆగిపోయింది. వెనకాల ఎవరో ఒక్కడు ఇంకా నవ్వుతూ, తాను ఒక్కడినే అని తెలిసి దగ్గులోకి దిగాడు. ఫ్యాన్ల చప్పుడు వినబడింది. ప్రెసిడెంటు గారి నవ్వు మాత్రం ముందుకి పోలేక, వెనక్కి రాలేక, ముఖం మీదే పేరుకుపోయింది. వాళ్ళ నవ్వు పోయే దారిని నేను మూసేశాను. మూసెయ్యడం నాకు బాగా వచ్చిన విద్యే కదా.

అయితే ఏమైంది? ఏమీ కాలేదు. మా ముసలాయనకి మతి తప్పుతోంది పాపం అనుకుని ఇళ్ళకి పోయారు. కండక్టరు మర్నాడు కూడా అదే కేక పెట్టాడు. వీర్రాజుకి దీనివల్ల ఒరిగింది లేదు. నన్ను క్షమించమని అతన్ని అడగబోవడం లేదు. అడిగితే ఆయ్ అంటాడు. ఆ మాట ఇంకోసారి అతని చేత అనిపించడానికి నాకు మనసొప్పదు. అందుకే మీకు రాస్తున్నాను. బరువు తగ్గిందా అని మీరడిగితే తెలియదు, తూచేవాడు లేడు. ఇన్నాళ్ళూ నెత్తిన ఉన్నదాన్ని దిమ్మ మీదికి దించాను, అంతే. మెడ మాత్రం కాస్త నిటారుగా నిలిచింది.

పగ అంటూ నా నాలిక మీద నేను తీర్చుకున్నది ఒకటుంది, అదీ చెప్పేస్తాను. ఆ రోజు హాల్లో, పేరుకుపోయిన ఆ నవ్వుతోనే ప్రెసిడెంటు గారు వేదిక దిగబోయి, మెట్టు తప్పి తూలారు. ఎవరిదో కుర్చీ పట్టుకుని నిలదొక్కుకున్నారు. హాలంతా ఒక్కసారి నావైపు చూసింది. అందరి నోళ్ళూ సగం తెరుచుకుని, నవ్వడానికి సిద్ధంగా ఉన్నాయి. నా దగ్గర మాట ఉంది. ఇన్నేళ్ళలో అంత బాగా కుదిరిన మాట ఇంకొకటి లేదు.

మింగేశాను.